కరెంటు పడని ఇల్లు

కాజీపేట దాకా

వరంగల్ వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ కోట చూశావా, వేయిస్తంభాల గుడి చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు బాబూ. ఒక దర్జీ ఇల్లు చూశాను. ఒక చెరువు గట్టు, ఒక మిరప కళ్లం, ఒక దవాఖాన వరండా చూశాను. హైదరాబాదులో పాతికేళ్లుగా ఉంటున్నా ల్యాబు, క్యాంటీను, ఫ్లాటు తప్ప మరో దారి ఎరగని మనిషిని. అంతకుముందు వరంగల్‌ను రైలు కిటికీలోంచి మాత్రమే చూశాను, అదీ మా గోదావరి వైపు వెళ్లేటప్పుడు, సగం నిద్రలో. ఈసారి దిగాల్సి వచ్చింది.

నా ఉద్యోగం సంగతి ముందు చెప్పకపోతే ఈ ప్రయాణం ఎందుకో అర్థం కాదు. అంతరిక్షంలోకి వెళ్లేవాళ్లకు క్యాన్సర్ ముప్పు ఎంత అన్నది మా ల్యాబు చూసే పని. భూమి మీద మనల్ని గాలీ, భూమికున్న అయస్కాంత శక్తీ కాస్తున్నాయి. ఆ కాపు దాటి పైకి వెళ్తే, కంటికి కనిపించని నలుసులు మహా వేగంతో ఒంట్లోంచి దూసుకుపోతుంటాయి. పోతూ పోతూ జీవకణాల్లో మన పుట్టుక రాసి ఉన్న దారాలను తెంపేస్తాయి. తెగినదాన్ని అతుక్కునే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంది. కానీ కొందరికి పుట్టుకతోనే ఆ అతుకు సరిగా పడదు. చూడడానికి దుక్కల్లా ఉంటారు. జలుబు కూడా చేయదు. అలాంటివాళ్లను పైకి పంపితే అక్కడి కిరణాలు మిగతావాళ్ల కంటే వాళ్లనే ముందు పట్టుకుంటాయి. ఎవరిని పంపకూడదో నేల మీదే తేల్చడం మా పని. పంపించే పని వేరేవాళ్లది, పేరూ వాళ్లదే, తిట్లు మావి.

జ్యోతి మా పక్క బిల్డింగులో ఇంజనీరు. ముప్పై దాటలేదు. అంతరిక్షానికి వెళ్లే బృందానికి పేరిచ్చి, పరుగులో, ఈతలో, లెక్కల్లో అన్నిట్లో నెగ్గుకొచ్చింది. చివరికి రక్తం మా దగ్గరికి వచ్చింది. అందులోని కణాలను వారాల తరబడి పెంచి, కిరణాల యంత్రం కింద పెట్టి, మర్నాడు చూస్తే, అతుకు పడాల్సినవి చాలావరకు తెగినవి తెగినట్టే ఉన్నాయి. రెండోసారి చేశాం. అంతే. ఆమె పేరు కొట్టేశారు.

ఒక రోజంతా ఏడ్చింది. మర్నాడు నా గదికి వచ్చి కూర్చుని వేరే సంగతి అడిగింది.

"మేడం, ఇది నాకు అమ్మ నుంచి వచ్చిందా, బాపు నుంచి వచ్చిందా?"

ఎందుకని అడిగాను. వాళ్ల నాన్నకు గొంతు క్యాన్సర్. ఆపరేషన్ అయింది. సోమవారం నుంచి వరంగల్ దవాఖానలో రేడియేషన్ మొదలు. ఆకాశంలో కిరణాలకు తట్టుకోని ఒళ్లు నేల మీద దవాఖాన యంత్రానికీ తట్టుకోదు. మామూలు మనిషికి గడ్డను కాల్చే కిరణం అలాంటివాడికి గొంతునే కాల్చేస్తుంది. ఆ లోపం నాన్నదైతే వైద్యమే ఆయన్ని చంపుతుంది. అమ్మదైతే ఆయనకు ఏ భయమూ లేదు, వైద్యం మానిస్తేనే చంపినట్టు. రక్తం పరీక్ష తేలడానికి నెల పైన పడుతుంది. ఆపరేషన్ అయ్యాక అంతకాలం ఆగితే గడ్డ మళ్లీ లేస్తుందని అక్కడి డాక్టరు ఫోన్‌లో చెప్పాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. రెండు వైపుల చుట్టాల ఇళ్లకూ వెళ్లి, ఎవరు దేనితో పోయారో అడగడం, ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకోవడం. ఐస్ పెట్టె ఒకటి భుజాన వేసుకుని శనివారం పొద్దున రైలెక్కాం.

మా ఎదుట ఒక పెద్దావిడ, మిరపకాయలు అమ్మిన డబ్బు కోసం పట్నం వచ్చి వెళ్తోందట. జామకాయలవాడు ఇరవైకి మూడంటే, ఆవిడ నాలుగు ఏరుకుని పదిహేను చేతిలో పెట్టి మొహం తిప్పుకుంది. వాడు గొణుక్కుంటూ పోయాడు. మా వైపు అయితే ఈపాటికి రెండు పక్షాలూ ఏడు తరాలను తవ్వి పోసుకునేవి. ఒక జామకాయ మాకిచ్చి, నన్ను అడిగింది.

"ఏం పని జేస్తవమ్మా?"

"ఆకాశంలోకి వెళ్లేవాళ్లకి క్యాన్సర్ రాకుండా చూసే పనండీ."

"ఆకాశంల గుడ క్యాన్సరుంటదా?"

"అక్కడ ఇంకా ఎక్కువ."

"మరి గింత మంచిగ నేల మీద ఉండక, గాడికి పోయి రోగం తెచ్చుకునుడెందుకు?"

జ్యోతి ఆ వారంలో మొదటిసారి నవ్వింది. "నేను పోదామనుకున్న పెద్దమ్మా" అంది.

"పోకు బిడ్డా" అని ఆవిడ ఇంకో జామకాయ ఆమె ఒళ్లో పెట్టింది.

జ్యోతి దారి పొడుగునా వాళ్ల నాన్న కబుర్లే చెప్పింది. ఆయనకు కరెంటంటే బుగులట, మహా భయమట. కుట్టుమిషన్‌కు మోటారు కొనిస్తే బిగించనివ్వలేదట, ఇప్పటికీ కాలితోనే తొక్కుతాడట. ఆపరేషన్ అయ్యాక మాట లేని మనిషి సైగలు చేసి, పెదాలు కదిపి, దవాఖానలో కూడా అదే గోల. "ఏమన్న జెయ్యిండ్రి గని కరెంటు మాత్రం వద్దన్నడు మేడం. డాక్టర్ నవ్విండు. కరెంటు కాదు పెద్దాయనా, రేడియేషన్, అన్నడు. అప్పుడు ఒప్పుకున్నడు." నేనూ నవ్వాను. కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది.

మట్టెవాడ

ఇల్లు పాత వీధిలో ఉంది. ముందు గదే కొట్టు. బడి పిల్లల యూనిఫారాలు దండెం మీద వరుసగా వేలాడుతున్నాయి. జ్యోతి నాన్న యేసురత్నం గారు కుట్టుమిషన్ ముందు నుంచి లేచి రెండు చేతులూ జోడించారు. ఆయన పెదాలు కదిలాయి, గాలి వచ్చింది. ఆ గాలికి మాట జ్యోతి తల్లి సుగుణమ్మ ఇచ్చింది. "వందనాలమ్మా అంటాండు." గొంతు పెట్టెలో సగం తీసేశారు. దగ్గరగా చెవి పెడితే మాటలు తెలుస్తాయి, కాకపోతే ఒక్కో ముక్కకు ఆయన పడే ఆయాసం చూసి మనమే వద్దనుకుంటాం.

సుగుణమ్మ జొన్నరొట్టెలు కాల్చింది. వెల్లుల్లి కారం, పచ్చిపులుసు. మా ఇళ్లలో చింతపండు పులుసు పొయ్యి మీద మరిగితే గాని కంచంలోకి రాదు. ఇక్కడ పచ్చిగానే పిసికి, ఉల్లిపాయ వేసి ముందు పెట్టింది. అనుమానంగానే నోట్లో పెట్టుకున్నాను. రెండోసారి అడిగి పోయించుకున్నాను. యేసురత్నం గారి ముందు గ్లాసులో జావ. తినేముందు అందరూ కళ్లు మూసుకున్నారు. సుగుణమ్మ ప్రార్థన చేసింది.

"ప్రభువా, సోమారం బెట్టే రేడియేషన్ మంచిగ పనిజెయ్యాలె. నీ బిడ్డకు గొంతు తిరిగి రావాలె తండ్రీ."

ఆయన పెదాలు ఆమెన్ అన్నాయి.

గ్లాసులు తీసేశాక నా పని మొదలుపెట్టాను. సుగుణమ్మ వైపు ముందు తేలింది. ధర్మసాగర్‌లో ఉండే ఆమె అన్న ముప్పై ఏళ్లకే రక్త క్యాన్సర్‌తో పోయాడు. నాకు కావలసిన రకం చావు అది. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ పూట నాకు అలాగే అనిపించింది. ఆయన వైపు తల్లిదండ్రులు పండు ముసలితనంలో పోయారు. ఒక్క అక్క, రాహేలు, నెక్కొండలో ఇచ్చారు, చిన్న వయసులోనే పోయింది.

"దేనితో పోయిందండీ?"

ఆయన పెదాలు కదిపారు. జ్యోతి చెప్పింది. "రాహేలత్త కరెంటుతోని పోయింది మేడం. నేను అప్పుడు చిన్నగుంటి. అందుకే బాపుకు గంత భయం."

పొలంలో మోటారు దగ్గర షాక్ కొట్టి పోయినవాళ్ల కబుర్లు పేపర్లో రోజూ చదివేవే. "పొలంలోనా?" అన్నాను. ఆయన ఔననీ కాదనీ చెప్పకుండా కళ్లు తుడుచుకున్నారు. తరువాత నా మణికట్టు పట్టుకుని దగ్గరికి వంచి, గాలితో, ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పారు.

"మా ఇంట్ల... కరెంటు... పడదమ్మా."

"కరెంటు ఎవరికి మాత్రం పడుతుందండీ" అన్నాను, ఓదార్పుగా.

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే మూసుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం రాహేలు గారిని ప్రమాదం కింద జమకట్టి, ముగ్గురి దగ్గరా రక్తం తీసి, డాక్టరుకు ఫోన్ చేశాను. తండ్రి వైపు ఇప్పటిదాకా ఏమీ కనిపించలేదన్నాను. రేపు తల్లి వైపు కూడా చూసి చెప్పండి మేడం, అన్నాడు.

ధర్మసాగర్

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక సుగుణమ్మ, జ్యోతి, నేను ఆటోలో బయలుదేరాం. ఐస్ పెట్టె నా ఒళ్లో ఉంది. ఆటోవాడికి దాని మీదే చూపు.

"చాపలా అమ్మా? ధర్మసాగర్‌కు చాపలు తీస్కపోతాన్రేంది, గాడనే దొరుకుతయి గద."

"చేపలు కాదు నాయనా, రక్తం."

దిగేటప్పుడు డబ్బులు నా చేతిలోంచి కాక జ్యోతి చేతిలోంచి తీసుకున్నాడు.

చెరువు అన్నారు గాని, గట్టెక్కి చూస్తే అవతలి ఒడ్డు మసకగా ఉంది. వరంగల్ తాగేది ఈ నీళ్లేనట. గోదావరి పక్కన పుట్టిన పొగరుతో, ఇదేం నీరు అనుకుంటూ ఎక్కాను. నోరు మూసుకుని చూసి దిగాను. పోయిన అన్న భార్య కరుణమ్మ అక్కడికి దగ్గరలో కొడుకుతో ఉంటుంది. ఇప్పటికీ మనిషి గట్టిగా ఉంది, కూలికి పోతుంది. మేం వస్తున్నామని చేపల కూర వండింది. చింతపండు తక్కువ, కారం ఎక్కువ. మా పులుసుకీ దీనికీ పోలికే లేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిన్నాను. అందరూ అది మనిషి పోయిన బాధ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

తినకుండా రక్తం ఇవ్వకూడదని ఆమె పట్టు. కొడుకు చేత ముద్దలు మింగించి గాని చేయి చాపనివ్వలేదు. మొగుడి సంగతి అడిగితే కొంగు నడుముకు దోపుకుని, పొడిగా, వేరెవరి గురించో అన్నట్టు చెప్పింది.

"చిగుళ్లకెల్లి నెత్తురొచ్చేది. ఒళ్లంత కమిలిపోయేది. రక్తం ఎక్కిచ్చినం, ఇంక ఎక్కిచ్చినం. అండ్లకెల్లి ఏం ఆగలే. ఇట్ల పట్టుకుంటే చాలు, నా ఏళ్లు పడ్డకాడ నల్లగయ్యేది. ముట్టుకునుడే మానేసిన."

తిరుగుదారిలో జ్యోతి అడిగింది, నేను చెప్పాను. చిన్న వయసు, రక్త క్యాన్సర్, తల్లికి తోడబుట్టినవాడు. ఖాయమని చెప్పలేను గాని మొగ్గు తల్లి వైపే. జ్యోతి గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే బాపుకు ఫికర్ లేదు?"

అని, వెంటనే పక్కనున్న తల్లి మొహంలోకి చూసి ఆగిపోయింది. సుగుణమ్మ బయటికి చూస్తూ ఉంది.

"నా రక్తమే చెడ్డదైతే మంచిదే బిడ్డా" అంది. "ఆయనకు నయమైతది."

సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. సరే మేడం, రేపు మొదలుపెడతాం, అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరం బాగా నిద్రపోయాం.

నెక్కొండ

సోమవారం నెక్కొండకు వెళ్లాల్సిన అవసరం నిజానికి లేదు. తండ్రి వైపు రక్తం కూడా ఒకటి ఉంటే పని పూర్తయినట్టుంటుందని నేనే అన్నాను. యేసురత్నం గారిని సుగుణమ్మ దవాఖానకు తీసుకెళ్లేలా, మేం పొద్దున్నే రైల్లో నెక్కొండ వెళ్లేలా అనుకున్నాం. బయలుదేరేటప్పుడు ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని గడప దగ్గర నిలబడ్డారు. పెళ్లికి వెళ్తున్నట్టున్నావని జ్యోతి ఆట పట్టించింది.

స్టేషన్ నుంచి ఊరి దాకా ఎర్రటి కళ్లాలే. మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి కదిలితే తుమ్ములు. మార్త ఆ కళ్లంలోనే కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. రాహేలు కూతురు ఈమె, జ్యోతికి వదిన వరస. నలభై దాటి ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏరుతూనే మాట్లాడింది. నాకు ఒక జనపసంచి వేసి కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. చెంచా నిలబడేంత చక్కెర.

మాటల్లో మాటగా అడిగాను. "మోటారు ఎక్కడుండేదమ్మా? ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరా?"

"ఏం మోటరమ్మా?"

"మీ అమ్మగారు కరెంటుతో పోయారని చెప్పారు..."

"అవు. కరెంటు పెట్టిచ్చినం గద, పట్నం తీస్కపోయి."

"పెట్టించడం ఏమిటి?"

మార్త గుడ్డ కిందికి లాగి, ఇంత చదువుకున్నదానివి ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

"రొమ్ముల గడ్డయింది మా అవ్వకు. ఆపరేషన్ జేసి తీసేసిన్రు. ఎనుక కరెంటు పెట్టాలన్నరు. మిషిన్ల పండవెట్టి పెడుతరు గద, ఆ కరెంటు. మా మామ, యేసురత్నం మామనే తోల్కపోయిండు. మందిల అందరికీ పెట్టిన్రు, అందరు మంచిగనే ఇండ్లకు పోయిన్రు. మా అవ్వకు పడలే."

టీ గ్లాసు కింద పెట్టేశాను. కరెంటు పెట్టడం. రేడియేషన్‌కు జనం పెట్టుకున్న పేరు. మా వైపు పల్లెల్లో కూడా అలాగే అంటారని ఇంటికొచ్చాక మా అక్క చెప్పింది. రోజూ కిరణాలతోనే బతుకుతున్న నాకు ఆ మాట ఇంతకాలం చెవిన పడలేదు. పడినా వినిపించుకుని ఉండను.

"పడలేదంటే ఏమయింది వదినె?" అంది జ్యోతి.

"మొదలు ఎర్రగైంది. అందరికీ అయితదన్నరు. ఎనుక పొక్కులు లేసినయి. తోలు బట్టకు అంటుకొని ఊడొచ్చేది. తానం జేపిద్దామని నీళ్లు పోస్తే అరిచేది. ఎముక అగుపడ్డది బిడ్డా, నేనే కడుగుతుంటి. గడ్డ పోయింది అన్నరు డాక్టర్లు. గడ్డయితే పోయింది. మనిషి గుడ పోయింది." మార్త మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. "గప్పటి సంది మా ఇంట్ల కరెంటు పడదు. మామ గుడ గదే అంటడు."

జ్యోతి అప్పటికే ఫోన్ చేస్తోంది. రెండుసార్లు తప్పు నంబరు కలిసింది. చివరికి సుగుణమ్మ ఎత్తింది. నాక్కూడా వినిపించేంత సంతోషంగా మాట్లాడింది.

"అయిపోయింది బిడ్డా. మిషిన్ల పండుకున్నడు, వచ్చిండు. గింత గుడ నొప్పి లేదంట. నేను ఇడ్లీ తింటాన. బాపు చాయ్ తాగుతాండు."

దవాఖాన

తిరుగు రైలు ఎలా ఎక్కామో, ఎవరి పక్కన కూర్చున్నామో గుర్తు లేదు. మార్త రక్తం తీశానన్నది మాత్రం నిజం, ఆ ట్యూబు పెట్టెలో ఉంది. దారిలోనే డాక్టరుకు మొత్తం చెప్పాను. వచ్చేదాకా ఉంటానన్నాడు, ఉన్నాడు.

చిన్నవాడు. కళ్ల కింద చారలు. గోడవారగా బల్లల మీద జనం, తువ్వాళ్లు కప్పుకున్న మెడలు, చేతుల్లో ఫైళ్లు. వాళ్లందరికీ ఆ యంత్రం మేలే చేస్తోంది, అది చెప్పకపోతే తప్పు. అతను మమ్మల్ని పక్కకు తీసుకెళ్లాడు.

"మేడం, కరెంటంటే పేషెంట్లు భయపడి పారిపోతారు. అందుకే మేం ఆ మాట వాడం. రేడియేషన్ అంటే నిలబడతారు. ఆయన కరెంటు వద్దన్నప్పుడు షాక్ అనుకుంటున్నాడనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాను. జ్యోతి కూడా అదే అనుకుంది. ముగ్గురం చదువుకున్నవాళ్లం, ముగ్గురికీ యేసురత్నం గారు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే చెప్పారు.

"ఒక్క సిట్టింగే అయింది. దాంతో ఏమీ కాదు. ఇప్పుడు ఆపితే గొంతులో మిగిలినవి మళ్లీ లేస్తాయి. ఆపకపోతే వాళ్లక్కకు అయినట్టే ఈయన గొంతుకు కావచ్చు. డోసు తగ్గిస్తే గడ్డకు చాలదు. మీరేమంటారు మేడం?"

ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆకాశానికి వెళ్లేవాళ్ల విషయంలో నా పని ఎంత తేలికో ఆ పూట తెలిసింది. వద్దని రాసి పంపుతాను, వాళ్లు నేల మీద ఉండిపోతారు, బతికిపోతారు. ఈయన ఉన్నదే నేల మీద. ఇంతకన్నా ఎక్కడ దించుతాను?

రక్తం పరీక్ష తేలేదాకా ఆపమన్నాను. అతను తలూపాడు, ఫైలు మూశాడు.

యేసురత్నం గారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు, తెల్లచొక్కా నలగలేదు. జ్యోతి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడింది. రేపటి నుంచి రానక్కర్లేదు, ఆపేశారు అని చెప్పింది. ఎందుకని ఆయన చెయ్యి తిప్పారు. జ్యోతి నెక్కొండ వెళ్లామంది, మార్త వదినె చెప్పిందంది. ఆయన కూతురి మొహం చూశారు. ఆ గది తలుపు వైపు చూశారు. పెదాలు కదిలాయి. ఆ మాటకు నాకు చెవి పెట్టే అవసరం రాలేదు.

"గది... కరెంటా?"

"అవు బాపు."

జ్యోతి ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడుస్తోంది. నేనే జెప్పి పంపిన, ఫోటో తీసినట్టే ఉంటదని జెప్పిన, అని అదే మాట అంటోంది. ఆయన ఆమె తల నిమిరి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. కూతురికి చెప్పమని, నా చెవిలో చెప్పారు. చాలాసేపు పట్టింది.

ఆ రోజు రాహేలు కూడా అదే అడిగిందట, కరెంటా అని. షాక్ పెడతారనుకుని, చెట్టు పట్టుకున్నట్టు మంచం కోడు పట్టుకుని రానందట. "కాదక్కా, లైటు" అని చెప్పి ఆయనే తీసుకెళ్లాడట, యంత్రం గది తలుపు దాటి ఆయన్ని రానివ్వలేదట. ఒళ్లు ఊడిపోతున్నప్పుడు కూడా ఆమె తమ్ముడిని ఒక్క మాట అనలేదట. లైటే ఇట్లుంటే కరెంటెట్లుంటదో, అనేదట.

నేను జ్యోతికి అది ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తల ఎత్తి తండ్రిని చూసింది. సుగుణమ్మ గోడ వైపు తిరిగింది. ఆమెకు కూడా అది మొదటిసారి వినడమేనని నాకు అర్థమైంది.

తిరిగొచ్చాక

తిరుగు రైల్లో జ్యోతి కిటికీ పక్కన కూర్చుంది. జనగామ దాటాక మాట్లాడింది.

"పైకి పోయే దారి బందయింది, సరే. రేపు నాకే గడ్డయితే? నాకు గుడ కరెంటు పెట్టరు గద మేడం?"

"పెట్టకూడదు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

నెల దాటాక పరీక్ష తేలింది. సుగుణమ్మ రక్తం శుభ్రంగా ఉంది. ధర్మసాగర్ కుర్రాడిదీ అంతే. జ్యోతి మేనమామ రక్త క్యాన్సర్ మామూలుగా ఎవరికైనా వచ్చేదే, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మార్తది, యేసురత్నం గారిది, జ్యోతిది ఒకటే లోపం, ఒకే చోట. నెక్కొండ వెళ్లి ఉండకపోతే ఈ కాగితం వచ్చేసరికి ఆయనకు సిట్టింగులన్నీ దాదాపు పూర్తయి ఉండేవి. ఆయన్ని కాపాడామని ల్యాబులో వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేను క్యాంటీనుకు వెళ్లి కూర్చున్నాను.

మొన్న జ్యోతి ఫోన్ చేసింది. గొంతులో మళ్లీ గడ్డ కనిపించిందట. కరెంటు ఎలాగూ కుదరదు, ఇక సెలైన్‌లో ఎక్కించే మందు ఒక్కటే ఉందని డాక్టరు చెప్పాడట. జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, తగ్గుతుందో లేదో చెప్పలేం, కానీ ఉన్నది అదే.

"ఈసారి ఏ పేరు జెప్పి తీస్కపోవాలె మేడం?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. బలం మందని చెబుదామా, గ్లూకోజని చెబుదామా అని అమ్మా తనూ రాత్రంతా ఆలోచించారట.

"ఉన్న పేరే చెప్పు" అన్నాను. "ఏం చేస్తారో, ఏమవుతుందో అన్నీ చెప్పు."

సాయంత్రం మళ్లీ చేసింది. అన్నీ చెప్పిందట. ఆయన మొత్తం విన్నాడట. మిషన్ మీదున్న చొక్కాకు కాలర్ కుట్టడం పూర్తి చేసి, రానన్నాడట.